రెండో నెంబరు సిలిండరుకి జరిగిన అన్యాయం

నూకరత్నానికి కూతురి ఉద్యోగం గురించి భయాలు రెండు. ఒకటి, ఆ ఉద్యోగం పోతుందేమోనని. రెండోది, పోకుండా ఉంటుందేమోనని. పోతే పిల్ల గతేం కాను? ఉంటే పిల్ల రోజూ ఆ ఇంజను పక్కనే కదా నిలబడాలి? ఏ భయానికి ముందు మొక్కుకోవాలో తేలక, ఆవిడ రెంటికీ కలిపి ఒకే కొబ్బరికాయ మొక్కుకుంది.

కూతురు చక్రవేణి కాకినాడలోని పురాతన వాహన సంరక్షణ సంస్థలో ఆరేళ్ళుగా కాంట్రాక్టు టెక్నీషియను. ఆ సంస్థలో ఉద్యోగులు ముప్ఫై నలుగురు. సంరక్షించాల్సిన వాహనం ఒకటి. అది ఒకప్పటి జమీందారు గారి అబ్బాయి సరదాపడి చేయించుకున్న కారు. ఉన్న కారుని కోయించి, పైకప్పు కిందికి దించి, ముందున్న మూత పీకించేసి, లారీని లాగగలిగే ఎనిమిది సిలిండర్ల ఇంజను అందులో కూరించాడట. ఇలాంటి బళ్ళని హాట్ రాడ్ అంటారని చక్రవేణి చెప్పింది. మూత లేని ఇంజనుని చూసిన రోజు నుంచీ నూకరత్నం మధ్యాహ్నం కేరేజీ పట్టుకొచ్చి, షెడ్డు బయట బెంచీ మీద కూర్చుని, సాయంత్రం పిల్ల రెండు చేతులతో, రెండు కాళ్ళతో బయటికొచ్చేదాకా కదిలేది కాదు.

ఆ ఏడు బండి మొరాయించింది. డిస్ట్రిబ్యూటర్ పోయిందని తేల్చింది చక్రవేణి. ఎనిమిది సిలిండర్లకీ నిప్పురవ్వ పంచిపెట్టేది అదే. బోర్లించిన గిన్నెలాంటి మూత, మూత మీద ఎనిమిది తీగలు, లోపల గిరగిరా తిరిగే ఒక చిన్న చెయ్యి.

“పెళ్ళి భోజనాల్లో నెయ్యి వడ్డించేవోడన్నమాట,” అంది నూకరత్నం.

“అదేనమ్మా. ఈయనకి నడుం అరిగిపోయింది. ఊగిపోతా, ఒకళ్ళ విస్తట్లో ఎయ్యాల్సింది ఇంకోళ్ళ నెత్తి మీద ఏత్తన్నాడు.”

“నిప్పే?” అంది నూకరత్నం. ఆ రోజు ఆవిడ అన్నం ముట్టలేదు.

అంతలో పై నుంచి కబురొచ్చింది. వచ్చే నెల కమిషనరు గారు వస్తారు. ఆయన్ని ఎక్కించుకుని బండి ఆవరణ చుట్టూ ఒక్క చుట్టు తిరిగితే చక్రవేణిని పర్మనెంటు చేసే ఫైలు మీద సంతకం పెడతారు. తిరక్కపోతే, నడవని బండికి టెక్నీషియను దేనికని ఆ పోస్టే తీసేస్తారు. మిగతా ముప్ఫై ముగ్గురికీ మాత్రం ఏ ఢోకా లేదు. వాళ్ళెవరికీ బండితో పని లేదు.

డిస్ట్రిబ్యూటర్ ఎంపిక సంఘం షెడ్డులోనే సమావేశమైంది. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి మూడు నమూనాలు పెట్టారు. ఉప సంచాలకులు జగన్నాయకులు గారు వాటి చుట్టూ ఒకసారి తిరిగి, అన్నిటికన్నా పెద్దదాని ముందు ఆగారు.

“ఈ ఎర్రమూత కలిగినది సంస్థ గౌరవానికి తగినట్లుగా ఉన్నది.”

“అది ఎలక్ట్రానిక్ దండి. మంచిదేనండి, కానీ మూత పెద్దది. ఇంజను వెనక గోడకి తగిలేత్తాదండి,” అంది చక్రవేణి.

“గోడను వెనుకకు జరుపుటకు ప్రతిపాదనలు పంపండి.”

“గోడెనకాల డ్రైవరు కాళ్ళుంటాయండి.”

“కాళ్ళ విషయం తదుపరి సమావేశంలో పరిశీలిద్దాం. ఈ రెండవది?”

“మాగ్నెటో అండి, పందేల బళ్ళకి. పరిగెత్తినప్పుడే బాగా పనిచేత్తాది. కమిషనరు గారిని నెమ్మదిగా తిప్పాలి కదండి. నా మట్టుకి మూడోదే మేలండి. పాతకాలపు పాయింట్ల రకం, లోపల తగులుతా ఇడిపోతా ఉండే రెండు చిన్న బిళ్ళలండి. దార్లో ఆగినా పాయింట్లు ఉప్పుకాగితంతో రుద్ది బాగుచేసేసుకోవచ్చు. నోట్ ఫైలులో రాశానండి.”

ఆ నోట్ ఫైలు సూపరింటెండెంటు ఉమామహేశ్వరం గారి చేతిలో ఉంది. ఆయన ఒక పేజీ దగ్గర ఆగిపోయి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, పైకి చదివారు.

“నిప్పందించు వరుస. ఒకటి, ఎనిమిది, నాలుగు, మూడు, ఆరు, అయిదు, ఏడు, రెండు.” ఆయన ఆ చివరి అంకె మీద వేలు పెట్టారు. “అమ్మాయ్, ఈ రెండవ సిలిండరు చేసిన నేరమేమిటి?”

“నేరం ఏంటండి?”

“ఒకటి తర్వాత రెండు. ఇక్కడ ఒకటి కాగానే ఎనిమిది లేచి నిప్పు పుచ్చుకుంటున్నాడు. రెండు వచ్చేది చిట్టచివర. ఏ ఉత్తర్వు ప్రకారం?”

“ఇంజను పుట్టుకే అంతండి. పక్కపక్కనున్నవి వరసాగ్గా పేలితే లోపల ఇరుసు తట్టుకోలేదండి. ముందొకటి, ఎనకొకటి, అలా సర్దితేనే ఒణుకు లేకుండా తిరుగుద్ది.”

“ఈ ఎనిమిదవ సిలిండరు ఉండేదెక్కడ?”

“బాగా ఎనకండి. డ్రైవరు సీటుకి దగ్గర్లో.”

“అదీ!” అన్నారు ఉమామహేశ్వరం గారు. సంఘం మొత్తం నిట్టూర్చింది.

ఎందుకంటే ఆ ఆఫీసులో ఆ కథ తెలియనివాళ్ళు లేరు. పదకొండేళ్ళ కిందట జాబితాలో రెండో పేరు ఉమామహేశ్వరం గారిది. ఎనిమిదో పేరువాడి కుర్చీ పెద్దాయన గదికి ఆనుకుని ఉండేది. ప్రమోషను వాడికొచ్చింది. ఉమామహేశ్వరం గారు కోర్టుకెళ్ళి, జుట్టు తెల్లబడ్డాక గెలిచారు. అప్పటినుంచీ ఆ సంస్థలో ఒక సర్క్యులరు గోడకి వేలాడుతోంది: ‘ఈ ప్రాంగణమందు ఏ ప్రయోజనమైననూ సీనియారిటీ వరుస తప్పి ఎవరికిని, దేనికిని అందరాదు.’ టీ ఆ వరుసలోనే వస్తుంది. జూనియరు గుక్కెడు తాగేసరికి అది చల్లారి మీగడ కట్టి ఉంటుంది. ఫ్యాను కూడా సీనియరు వైపు తిరిగి ఆగిపోతుంది.

“సర్క్యులరులో ‘దేనికిని’ అని స్పష్టంగా ఉన్నది,” అన్నారు జగన్నాయకులు గారు. “సిలిండరు ‘దేనికిని’ కిందికే వస్తుంది. క్రమసంఖ్యలో నిప్పందించు డిస్ట్రిబ్యూటర్ లభించువరకు ఎంపిక వాయిదా వేయడమైనది.”

“అలాంటిది ఎక్కడా దొరకదండి! అయినా వరస డిస్ట్రిబ్యూటర్ ది కాదండి, ఇంజనుది. మనం తీగలు ఆ వరసకి తగిలిస్తామంతే.”

“తీగలు తగిలించునది ఎవరు?”

“నేనేనండి.”

మర్నాడు చక్రవేణికి మెమో అందింది. ఎనిమిదవ సిలిండరు పట్ల తాను చూపుచున్న ప్రత్యేక అభిమానమునకు కారణములు మూడు దినములలో తెలియజేయవలెను.

మెమో కాగితాన్ని నూకరత్నం బెంచీ మీద కూర్చుని నాలుగుసార్లు చదివింది. చదివిన ప్రతిసారీ ఆవిడ కళ్ళ ముందు కూతురు ఉద్యోగం పోయి, ఊరు వదిలి, ఎవరింట్లోనో అంట్లు తోముతున్నట్టు కనిపించింది.

“పోన్లే అమ్మా, ఆ రెండోదానికే ముందిచ్చెయ్యరాదా? ఆయన మనసు చల్లబడుద్ది.”

“ఇత్తే ఇంజను పేలుద్దే.”

“అయితే ఒద్దు!” అంది నూకరత్నం. మెమో మడతపెట్టి, “పేలకండా కూసింత ముందు?” అంది.

వారం తిరిగేసరికి నోటీసు బోర్డు మీద ‘సిలిండర్ల తాత్కాలిక సీనియారిటీ జాబితా’ పడింది. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో తెలపాలన్నారు. సిలిండర్లు నోరు లేనివి కాబట్టి ఒక్కోదానికి ఒక్కో ఉద్యోగిని ప్రతినిధిగా వేశారు. రెండో సిలిండరు తరఫున ఉమామహేశ్వరం గారే నిలబడ్డారు. ఎడమ పక్కనున్న బేసి సంఖ్యలవాళ్ళు ఒక సంఘం పెట్టుకున్నారు, కుడి పక్కనున్న సరి సంఖ్యలవాళ్ళు ఇంకోటి పెట్టుకున్నారు. రెండు సంఘాలవాళ్ళూ క్యాంటీన్లో ఎదురెదురు బల్లల మీద కూర్చుని మాట్లాడుకోవడం మానేశారు. ఎనిమిదో సిలిండరు ప్రతినిధికి మాత్రం ఎవరూ చోటివ్వలేదు. ఆయన పాపం, తోటమాలి. నిలబడే టీ తాగేవాడు.

చివరికి ప్రయోగాత్మకంగా ఒకరోజు సీనియారిటీ వరుసలోనే తీగలు తగిలించి చూడాలని ఉత్తర్వు వచ్చింది. చక్రవేణి కాదంటే అవిధేయత. ఔనంటే ఏమవుతుందో ఆమెకి తెలుసు. పెట్రోలు తక్కువ పోసి, నమూనా డిస్ట్రిబ్యూటర్ బిగించి, ఒకటి, రెండు, మూడు అని తీగలు తొడిగింది. నూకరత్నం ఇంటి నుంచి తడిపిన గోనెసంచులు ఆరు, రెండు బకెట్ల ఇసక రిక్షాలో వేసుకొచ్చింది. ఒక సంచి కూతురి భుజాల మీద కప్పింది.

“అమ్మా, నన్ను చూసి అందరూ నవ్వుతున్నారే.”

“నవ్వనీ. నవ్వినోళ్ళకి ఇయ్యను.”

చక్రవేణి తాళం తిప్పింది. ఇంజను ఒకసారి మూలిగి, రెండుసార్లు దగ్గి, ఢామ్మంది. పైనున్న కార్బురేటరు నోట్లోంచి మూరెడు మంట లేచి, రెండో సిలిండరుకి శుభాకాంక్షలు చెప్పడానికి వంగిన ఉమామహేశ్వరం గారి కుడి కనుబొమ్మలో సగం పట్టుకుపోయింది. అందరూ బల్లల కింద దూరారు. మాటంటే మాటే, నూకరత్నం ఒక్కరికీ గోనెసంచి ఇవ్వలేదు. తర్వాత జాలేసి ఉమామహేశ్వరం గారి మొహం మీద తడిగుడ్డ ఒత్తింది.

ఆయన లేచి కూర్చుని మొట్టమొదట అడిగింది కనుబొమ్మ సంగతి కాదు.

“చూశారా ధిక్కారం! ఇన్నాళ్ళూ వరుస తప్పి లబ్ధి పొందినవాడు న్యాయం జరగగానే ఎలా తిరగబడ్డాడో!”

“ఎనిమిదవ సిలిండరును సంజాయిషీ కోరండి,” అన్నారు జగన్నాయకులు గారు, బల్ల కింద నుంచే.

సంజాయిషీ నోటీసు ఇంజనుకి జిగురుతో అంటించారు. ఏడు రోజులైనా జవాబు రాలేదు. ‘మౌనము అంగీకారముగా భావించడమైనది’ అని దాని మీదే ఇంకో కాగితం అంటించారు. ఇక కమిషనరు గారు రావడానికి నాలుగు రోజులే ఉంది.

ఆ మధ్యాహ్నం చక్రవేణి కేరేజీ విప్పలేదు. షెడ్డు గుమ్మంలో కూర్చుని, “అయిపోయిందమ్మా. సరిగ్గా తగిలిస్తే వీళ్ళు పంపేత్తారు. వీళ్ళు చెప్పినట్టు తగిలిస్తే బండి నడవదు, కమిషనరు గారు పంపేత్తారు,” అంది. ఏడవలేదు. ఏడిస్తే నూకరత్నానికి కొంచెం నయంగా ఉండేది.

ఆవిడ లేచింది. ఆ నెలరోజుల్లో మొదటిసారిగా గోనెసంచి లేకుండా బెంచీ వదిలి ఇంజను వైపు నడిచి, దూరం నుంచే వేలు పెట్టి చూపించింది.

“ఏమేవ్, ఈటికి నెంబర్లు ఎక్కడున్నాయి? నాకు కనబడవే.”

“కనబడవమ్మా. చేసినోళ్ళు పుస్తకంలో రాసుకున్నారంతే.”

“రాసుకున్నయ్యేనా? మన ఈధిలో ఇంటి నెంబర్లు మూడుసార్లు మార్చలేదేంటి? ఎవరిల్లు కదిలింది?”

చక్రవేణి సుద్దముక్క కోసం పరిగెత్తింది.

సూపరింటెండెంటు గారి ముందు మాట్లాడడానికి నూకరత్నం కొంగు నిండుగా కప్పుకుని, మనసులో ముగ్గురు దేవుళ్ళని తలుచుకుంది.

“బాబుగారూ, తమరికి కావలసింది రెండో నెంబరుకి రెండోసారి అందడమే కదండి?”

“అదే నా పోరాటం.”

“ఆయ్. మరి ఆ ఎనకాలున్నదాన్ని ఇయ్యాల్టి నుంచి రెండు అందామండి. దాని తరవాత అందుకునేదాన్ని మూడందామండి. అలా వరసాగ్గా పేర్లు పెట్టుకుంటా పోతే, ఎవరి నెంబరుకి వాళ్ళకే అందుద్దండి.”

ఆయన సీనియారిటీ జాబితా ముందుకి లాక్కున్నారు. “మరి ఇప్పుడున్న రెండు?”

“అది ఎనిమిదైపోద్ది కదండి. ఎనిమిదోళ్ళు ఎనిమిదోసారి పుచ్చుకుంటే అన్యాయం ఏముందండి?”

“కుర్చీకి జరిగిన అన్యాయం కుర్చీకే సరిదిద్దాలి. అందులో కూర్చున్నది ఎవరన్నది అప్రస్తుతం,” అన్నారు ఉమామహేశ్వరం గారు. కన్నీళ్ళు తుడుచుకుంటూ ఫైలు మీద అదే రాశారు. జగన్నాయకులు గారు దాన్ని ‘పునఃసంఖ్యాకరణ ఉత్తర్వు’ అని పేరు పెట్టి విడుదల చేశారు. వరుస కుదిరింది కాబట్టి పాయింట్ల డిస్ట్రిబ్యూటర్ ఎంపికకి ఇక అభ్యంతరం లేదన్నారు. చక్రవేణి మొదట అడిగిన డిస్ట్రిబ్యూటర్ నే బిగించి, మొదట చెప్పిన వరసలోనే తీగలు తొడిగింది. ఇంజను కప్పలచెరువు మీద వాన పడ్డట్టు గళగళమని పలికింది. ఏడో సిలిండరు ప్రతినిధి మాత్రం, ఇంత మార్పులోనూ తనవాడు ఏడులోనే ఉండిపోయాడని ఒక అర్జీ పెట్టాడు.

కమిషనరు గారు వచ్చారు. బండెక్కారు. ఆవరణ చుట్టూ ఒక చుట్టు అనుకున్నది మూడు చుట్లు తిరిగి, దిగి, “ఈ అమ్మాయిని సీనియారిటీ ప్రకారం పర్మనెంటు చేయండి,” అని ఫైలు మీద రాసి వెళ్ళిపోయారు.

నూకరత్నం కొబ్బరికాయ కొట్టడానికి వెళ్ళబోతుండగా ఉమామహేశ్వరం గారు పిలిచి, సాంకేతిక విభాగం సీనియారిటీ జాబితా చూపించారు. ఆ విభాగంలో ఆమోదం పొందిన జాబితా ఒక్కటే ఉంది. అందులో ఒకటి నుంచి ఎనిమిది వరకూ సిలిండర్లు. తొమ్మిదో పేరు పి. చక్రవేణి.

“వీరంతా పర్మనెంటు అయిన పిమ్మట మీ అమ్మాయి వంతు. వరుస తప్పడానికి వీల్లేదమ్మా. మీకు తెలియనిదేముంది?”

నూకరత్నానికి సంగతి అర్థమైంది. తన నోటితో తనే పిల్ల నెత్తి మీద ఎనిమిది మందిని కూర్చోబెట్టింది. ఆవిడ తనకి తెలిసిన చెడ్డ సంగతులన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకుంది: రోగాలు, తుపాన్లు, బదిలీలు, చావులు. అందులో ఒకదాని దగ్గర ఆగింది.

“బాబుగారూ, ఈళ్ళకి రిటైర్మెంటు లేదాండి?”

“అరవై రెండేళ్ళు. ఎవరికైనా అంతే.”

“ఈళ్ళు ఎప్పుడు పుట్టారండి?”

ఇంజను దిమ్మ మీద పోతలోనే అచ్చైన సంవత్సరాన్ని చక్రవేణి గుడ్డతో తుడిచి చూపించింది. 1955. ఉమామహేశ్వరం గారు వేళ్ళ మీద లెక్కపెట్టి, మొహం తెల్లబోయి, పరుగున వెళ్ళి జగన్నాయకులు గారికి చెప్పారు. వయసు మీరినవాళ్ళని ఇంతకాలం డ్యూటీలో ఉంచినందుకు ఆడిట్ వాళ్ళు ఏమంటారో!

పదవీ విరమణ సభ శుక్రవారం జరిగింది. ఎనిమిది శాలువాలు, ఎనిమిది పూలదండలు. సరి, బేసి సంఘాలు వైరం మరిచి కలిసి పులిహోర తిన్నాయి. “వీరు మండి మనకు వెలుగునిచ్చినారు,” అన్నారు జగన్నాయకులు గారు. దండలు వేడికి అంటుకుంటాయేమోనని నూకరత్నం వాటిని ఎప్పటికప్పుడు తీసేసింది. బండి నడవాలి కాబట్టి ఆ సాయంత్రమే ఎనిమిదిమందినీ గౌరవ సలహాదారులుగా ఏడాది కాంట్రాక్టు మీద తిరిగి తీసుకున్నారు. జాబితాలో ఖాళీ అయిన మొదటి స్థానంలోకి చక్రవేణి వచ్చింది.

ఇక మిగిలింది ఒక్కటే. విభాగంలోని సలహాదారులందరూ ఆమె పనితీరు తృప్తికరమని ధ్రువపత్రం మీద సంతకాలు చేయాలి. సంతకం రానివారు వేలిముద్ర వేయవచ్చు.

ఇంజను రెండు పక్కలా నాలుగేసి పొగగొట్టాలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. చక్రవేణి సీట్లో కూర్చుని యాక్సిలరేటరు మీద కాలు పెట్టింది. గొట్టాల పొగకి కాగితం పట్టడానికి ఇంకో మనిషి కావాలి. ముప్ఫై ముగ్గురూ తలుపు దగ్గర నిలబడ్డారు. వాళ్ళందరినీ తోసుకుని నూకరత్నం వచ్చింది. కొంగు ముక్కుకి అడ్డం కట్టుకుని, కళ్ళు మూసుకుని, కాగితాన్ని ఒకటో గొట్టం ముందు పెట్టింది. నల్లటి ముద్ర గుండ్రంగా పడింది. రెండో ముద్రకి వెనక్కి, మూడోదానికి ఇటు, నాలుగోదానికి అటు, ఉత్తర్వులో ఉన్న వరుస తప్పకుండా, చేతులు చురచురలాడుతున్నా ఆవిడ బండి చుట్టూ తిరిగింది.

ఉమామహేశ్వరం గారు ధ్రువపత్రాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఒక్కో ముద్రనీ భూతద్దంతో చూశారు. చివరికి ఒకదాని దగ్గర ఆగారు.

“ఏడవ వారి ముద్ర కాస్త అలికినట్లున్నది.”

“పెద్ద వయసు కదండి,” అంది నూకరత్నం. “చెయ్యి వణికింది.”

ఆయన సానుభూతిగా తలూపి, ఆమోదించాను అని రాసి సంతకం చేశారు.